‘నూటికి ఎంత?’.. అక్కడే మొదలవ్వాలి ఆర్థిక పాఠం

బీడీల చాట, పసుపు కల్లం, సాంచాల చప్పుడు.. ఒక్కో ఇంటిది ఒక్కో లెక్క

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మహిళా సంఘాల రుణాలకు ‘పావలా వడ్డీ’ పథకం వచ్చినప్పుడు దాని అర్థాన్ని పల్లెల్లో ఎవరూ విడమరిచి చెప్పాల్సిన అవసరం కలగలేదు. నూరు రూపాయలకు నెలకు పావలా, ఏడాదికి మూడు రూపాయలు. అక్షరం ముక్క రాని అవ్వకు సైతం ఆ మాట ఒక్కసారికే బోధపడింది. అదే పథకానికి ‘మూడు శాతం వార్షిక వడ్డీ’ అని పేరు పెట్టి ఉంటే సంఘం సమావేశంలో సగం మంది తలలూపి ఊరుకునేవారు. ఊరి నోట నానిన లెక్కలోనే పథకం పేరు ఉండటం వల్ల అది ఊరికి చేరింది.

గ్రామీణులకు ఆర్థిక నిర్వహణ నేర్పాలంటూ రెండు దశాబ్దాలుగా సాగుతున్న ప్రయత్నాల్లో చాలావరకు మరచిపోయిన సంగతి ఇదే. పల్లె జనానికి లెక్క రాదనుకోవడం పొరపాటు. నూటికి రెండు చొప్పున పదహారు నెలల పది రోజులకు యాభై వేల మీద వడ్డీ ఎంతో కాగితం, కలం లేకుండా చెప్పగల రైతులు జగిత్యాల పల్లెల్లో కొల్లలుగా ఉన్నారు. వారికి పరిచయం లేనిది లెక్క కాదు. బ్యాంకులు, ఫైనాన్స్‌ సంస్థలు ఆ లెక్కను చెప్పే భాష.

శిబిరాలకు కొదవ లేదు

ఆర్థిక అక్షరాస్యత పేరిట కార్యక్రమాలు జరగడం లేదని అనలేం. గ్రామీణ బ్యాంకు శాఖలు నెలకో శిబిరం నిర్వహించాలన్నది రిజర్వు బ్యాంకు ఆదేశం. 2017 నుంచి ఏటా ఆర్థిక అక్షరాస్యత వారోత్సవాలు సాగుతున్నాయి. బ్యాంకుల ఆధ్వర్యంలో ఆర్థిక అక్షరాస్యత కేంద్రాలు ఉన్నాయి. మహిళా సంఘాల్లోనూ ఇందుకోసమే శిక్షణ పొందిన కార్యకర్తలు పనిచేస్తున్నారు. ఒకప్పుడు శ్రీ శాతవాహన గ్రామీణ బ్యాంకు, తదుపరి దక్కన్‌ గ్రామీణ బ్యాంకు, ఆ తర్వాత తెలంగాణ గ్రామీణ బ్యాంకు.. బోర్డుపై పేర్లు మారినా శాఖ మెట్లెక్కే ఖాతాదారులు వారే.

అయితే ఈ శిబిరాల తీరు తరచూ ఒకేలా ఉంటోంది. ఒక బ్యానరు, ఒక కరపత్రం, పొదుపు చేయండి, బీమా చేయించుకోండి, ఓటీపీ ఎవరికీ చెప్పకండి అన్న మూడు మాటలు, చివర్లో ఒక సామూహిక ఛాయాచిత్రం. చెప్పే మాటలు మంచివే. కానీ బీడీలు చుట్టే ఇల్లాలికి, పసుపు పండించే రైతుకు, సాంచాల మీద పనిచేసే కార్మికునికి ఒకే పాఠం చెబితే అది ముగ్గురిలో ఎవరికీ అక్కరకు రాదు. డబ్బు వారి ఇళ్లలోకి వచ్చే తీరే వేరు. ఒకరికి బట్వాడా నాడు, ఇంకొకరికి ఏడాదికోమారు, మరొకరికి పని దొరికిన వారాల్లో మాత్రమే. ఆ రాకడను బట్టి పోకడను అమర్చుకోవడమే ఆర్థిక నిర్వహణ. మిగిలినదంతా దాని తరువాతే.

కోరుట్ల: వారం కిస్తీలో దాగిన వడ్డీ

కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాల్లో బీడీల చాట లేని వీధి అరుదు. వెయ్యి బీడీలకు ఇంత అన్న కూలిపై ఆధారపడిన ఈ ఇళ్లకు చిన్న రుణాలు ఇవ్వడానికి ముందుకొచ్చేవారు ఎప్పుడూ ఉన్నారు. పదిమంది మహిళలను ఒకచోట కూర్చోబెట్టి, ఒకరికొకరిని పూచీగా పెట్టి, వారం వారం వసూలు చేసుకునే సూక్ష్మరుణ సంస్థలు 2000 దశకంలో పల్లెపల్లెకూ చేరాయి. అప్పుల మీద అప్పులు పేరుకుని, వసూళ్ల ఒత్తిడి తాళలేక ఆత్మహత్యలు జరగడంతో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2010 అక్టోబరు 15న ఆర్డినెన్స్‌ తెచ్చింది. అనంతరం అది చట్టమైంది. వారం వసూళ్లు ఆగి నెల కిస్తీలే మిగిలాయి. వడ్డీ మొత్తం అసలును మించరాదన్న నిబంధన వచ్చింది.

ఆ కథ అక్కడితో ముగిసిందని అనుకుంటున్నవారు ఇప్పటికీ ఉన్నారు. కానీ రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన ఆర్థిక సంస్థలకు ఆ రాష్ట్ర చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పునిచ్చింది. అంటే నాటి గొడుగు ఇప్పుడు లేదు. 2022లో రిజర్వు బ్యాంకు జారీచేసిన నిబంధనలే ఇప్పుడు రక్షణ. వాటిని తెలుసుకోకపోతే అవి ఉన్నా లేనట్టే.

ముందుగా వడ్డీ లెక్క చూద్దాం. పది వేల రుణం, 50 వారాలు, వారానికి 230 రూపాయలు అనుకుందాం. మొత్తం కట్టేది 11,500. వడ్డీ 1,500. ‘పదిహేను శాతమే కదా’ అంటారు ఇచ్చేవారు. ఊరి లెక్కలో అది నూటికి రూపాయి పావలా. వడ్డీ వ్యాపారి నూటికి మూడు అడిగేచోట ఇది ఎంతో చౌకగా కనిపిస్తుంది. కానీ ఆ పది వేలు ఏడాది పొడవునా ఆమె చేతిలో లేవు. మొదటి వారం నుంచే 200 చొప్పున అసలు తిరిగి వెళ్తోంది. ఇరవై అయిదో వారానికి సగం అసలు తీరిపోయింది. సగటున ఆమె వాడుకున్నది 5,100 రూపాయలే. దాని మీద 1,500 వడ్డీ అంటే ఏడాదికి సుమారు 29 శాతం. నూటికి దాదాపు రెండున్నర. ముందుగానే పట్టుకునే బీమా, ప్రాసెసింగ్‌ రుసుములు కలిపితే మరికాస్త పైకి పోతుంది.

పట్టణాల్లో కూరగాయల బండ్లు, చిల్లర దుకాణాల వద్ద సాగే ‘గిరిగిరి’ లెక్క ఇంతకంటే ఘోరం. పది వేలకు కాగితం రాసుకుని 8,500 చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తే పైకి పోయింది 1,500లే. లోపల మాత్రం అది నూటికి నెలకు పది రూపాయల వడ్డీ. అదే మనిషి నూటికి పది అని నోటితో అడిగితే ఎవరూ ముట్టరు. రోజుకు వంద అంటే మాత్రం చెల్లుబాటు అవుతోంది.

అందుకే అప్పు ఇచ్చేవారిని అడగాల్సిన మొదటి మాట కిస్తీ ఎంత అని కాదు, నూటికి ఎంత పడుతుందని. ఇలా అడిగే హక్కు చట్టబద్ధంగా ఉంది. అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో చూపే వివరాల పత్రాన్ని రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ముందుగానే ఇవ్వాలి. ఆ పత్రంలోని వార్షిక శాతాన్ని పన్నెండుతో భాగిస్తే ఊరి లెక్క వస్తుంది. పన్నెండు శాతం అంటే రూపాయి, తొమ్మిది అంటే ముప్పావలా, ఇరవై నాలుగు అంటే రెండు రూపాయలు. ఒక్క భాగహారం.

2022 నిబంధనల్లో మరికొన్ని ముఖ్యాంశాలు ఉన్నాయి. ఏడాదికి మూడు లక్షల వరకు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేదే సూక్ష్మరుణం. ఆ ఇంటి కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగానికి మించకూడదు. ముందుగా తీర్చేస్తే జరిమానా వేయకూడదు. ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 గంటల తర్వాత వసూలుకు ఫోన్‌ చేయకూడదు. బెదిరింపులు, దుర్భాషలు కూడదు. ఫిర్యాదును సంస్థ పట్టించుకోకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు నివేదించవచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది.

బీడీ కార్మికురాలికి మరో ఆస్తి కూడా ఉంది. దానిని ఆస్తిగా చూసేవారు తక్కువ. అది పీఎఫ్‌. 2015లో మొదలైన బీడీ కార్మికుల భృతికి సైతం ఆ నంబరే ఆధారమైంది. నామినీ పేరు నమోదై ఉందా, ఆధార్‌లోని పేరు, పుట్టిన తేదీ పీఎఫ్‌ రికార్డుతో సరిపోలుతున్నాయా అన్నది చూసుకోకపోవడంతో అవసరానికి సొమ్ము చేతికి రాక తిప్పలు పడాల్సి వస్తుంది. శిబిరంలో పొదుపు గొప్పతనంపై ఉపన్యాసం కంటే, పదిమంది కార్మికురాళ్ల పీఎఫ్‌ వివరాలను అక్కడికక్కడే సరిచూసి పెట్టడం ఎక్కువ మేలు చేస్తుంది.

జగిత్యాల: ఏడాదికోసారి వచ్చే డబ్బు

పసుపు రైతుకు జూన్‌లో విత్తనం, జనవరి నుంచి మార్చి వరకు తవ్వకం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం. ఆ తర్వాతే నిజామాబాద్‌ లేదా మెట్‌పల్లి మార్కెట్‌లో డబ్బు. ఎనిమిది తొమ్మిది నెలలు పెట్టుబడి, ఒక్కసారి రాబడి. శ్రీరాంసాగర్‌ ఆయకట్టులోని వరి రైతుకు ఏడాదికి రెండుమార్లు. ‘నెలనెలా ఆదాయంలో పదో వంతు దాచుకోండి’ అన్న పాఠం ఈ ఇళ్ల వద్ద నవ్వులపాలవుతుంది. వారికి కావాల్సింది పంట డబ్బు వచ్చిన వారంలోనే దానిని విడదీసి పెట్టే అలవాటు. జూన్‌లో విత్తనం, ఎరువులు, అదే నెలలో పిల్లల ఫీజులు కలిసి వస్తాయి. మార్చిలో ఉన్న డబ్బు జూన్‌ నాటికి పెళ్లిళ్లకు, ఇంటి పనులకు కరిగిపోతుంది. మళ్లీ నూటికి రెండు. పంట డబ్బులో జూన్‌ వాటాను మూడు నెలల డిపాజిట్‌గా వేసి పెట్టడం చిన్న పనే. వచ్చే వడ్డీ కోసం కాదు, చేతికి అందకుండా ఉండటం కోసం.

పంట రుణం విషయంలోనూ ఒక లెక్క మరుగున పడుతోంది. మూడు లక్షల వరకు పంట రుణంపై వడ్డీ ఏడు శాతం. గడువులోగా చెల్లిస్తే కేంద్రం మూడు శాతం రాయితీ ఇస్తుంది. అంటే నాలుగు శాతం, నూటికి ముప్పై మూడు పైసలు. లక్షకు ఏడాదికి నాలుగు వేలు. బయట నూటికి రెండు చొప్పున అదే లక్షకు 24 వేలు. మాఫీ వస్తుందన్న ఆశతో గడువు దాటించిన రైతు ఆ రాయితీని కోల్పోతాడు. తదుపరి రుణానికీ అడ్డంకి ఏర్పడుతుంది. 2014 నాటి లక్ష రూపాయల మాఫీ నాలుగు విడతలుగా వచ్చింది. 2024లో రెండు లక్షల వరకు మాఫీ జరిగింది. మాఫీ ఎప్పుడు వచ్చినా, రాకపోయినా గడువులోగా పునరుద్ధరించుకున్న రైతుకే బ్యాంకు తలుపు తెరిచి ఉంటుంది.

ఇక గల్ఫ్‌. ఈ ప్రాంతంలో దీనిని విస్మరించి ఆర్థిక పాఠం చెప్పడం వరి గురించి మాట్లాడుతూ నీటిని మరచిపోవడమే. ఏజెంటుకు ఇచ్చేందుకు లక్షన్నర అప్పు, నూటికి మూడు అనుకుందాం. నెలకు వడ్డీయే 4,500. దుబాయిలో వెయ్యి దిర్హాముల జీతం అంటే ఇప్పటి మారకంలో 23 వేలకు పైమాటే. తిండి, ఖర్చులు పోను ఇంటికి 12 వేలు పంపితే, అందులో ఆరు వేలు ఇల్లు గడవడానికి, ఆరు వేలు అప్పుకు. మొదటి నెల అసలులో తగ్గేది 1,500 మాత్రమే. ఈ లెక్కన అప్పు తీరడానికి 47 నెలలు పడుతుంది. మొత్తం కట్టేది 2 లక్షల 80 వేలకు పైగా. వీసా గడువు రెండేళ్లు. అంటే వీసా ముగిసి ఇంటికి తిరిగివచ్చే నాటికి అప్పులో సగానికి పైగా అలాగే ఉంటుంది.

అదే లక్షన్నరను ఇంట్లోని బంగారంపై బ్యాంకులో ముప్పావలా వడ్డీకి తెస్తే, అదే ఆరు వేల చొప్పున 28 నెలల్లో తీరుతుంది. కట్టేది లక్షా 67 వేల వరకు. తేడా లక్ష దాటింది. పుస్తెలతాడు కుదువ పెట్టడం నామోషీ అనుకుని నూటికి మూడుకు కాగితం రాసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఈ లెక్కను విమానం ఎక్కే ముందు, ఇంటి ఇల్లాలి ఎదుట వేసి చూపాలి. నమోదిత రిక్రూటింగ్‌ ఏజెంటు తీసుకోదగిన రుసుము 30 వేలు, దానిపై జీఎస్టీ మాత్రమేనన్నది కూడా అక్కడే చెప్పాలి. క్లియరెన్స్‌ అవసరమైన పాస్‌పోర్టుపై వెళ్లేవారికి తప్పనిసరైన ప్రవాసీ భారతీయ బీమా యోజనలో పది లక్షల రక్షణ ఉంటుంది. పాలసీ కాగితం నకలు ఇంట్లో లేకపోతే కష్టకాలంలో కుటుంబానికి దాని జాడే తెలియదు.

సిరిసిల్ల: పని లేని వారాల కోసం

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. యజమాని నూలు ఇస్తే జాబ్‌వర్క్‌ చేసే ఆసామి, ఆసామి వద్ద సాంచాలు నడిపే కార్మికుడు, కండెలు చుట్టే, బీడీలు చేసే మహిళలు.. ఈ గొలుసులో ఎక్కడ తెగినా కింది ఇంట్లో పొయ్యి వెలగదు. 2000 దశకంలో ఇక్కడి నేత కార్మికుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కలచివేశాయి. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లతో కొంత ఊపిరి పీల్చుకున్నా, 2024లో అవి నిలిచిపోయి, మహిళా సంఘాల చీరల ఆర్డర్లు వచ్చేలోగా సాంచాలు మూగబోయిన నెలల్లో మళ్లీ విషాదాలు చోటుచేసుకున్నాయి.

ఇటువంటి చోట ఒక సంగతి నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. పని లేని ఇంటికి పొదుపు పాఠం చెప్పడం పుండు మీద కారం చల్లడమే. ఆర్డర్లు, నూలు ధర, బకాయిల సమస్యలు కార్మికుని పద్దు పుస్తకంతో తీరేవి కావు. ఆ బాధ్యత ప్రభుత్వానిది, పరిశ్రమది. అయినా పని ఉన్న నెలలకూ లేని నెలలకూ మధ్య వంతెన కట్టుకునే మార్గం తెలిసి ఉంటే, ఆ ఇల్లు మొదటి ఖాళీ వారంలోనే గిరిగిరి వద్దకు పోనక్కర్లేదు.

2017లో వచ్చిన ‘నేతన్నకు చేయూత’ పొదుపు పథకం ఈ కోణంలో ఆలోచించి రూపొందించినదే. మరమగ్గాల కార్మికుడు కూలిలో ఎనిమిది శాతం జమ చేస్తే ప్రభుత్వం మరో ఎనిమిది శాతం కలుపుతుంది. పది వేల కూలికి నెలకు 800, దానికి తోడు మరో 800. కార్మికుడు వేసినదానికి రెట్టింపు జమ అయ్యే పొదుపు మరెక్కడ దొరుకుతుంది? అయితే గడువు తీరేదాకా ఆ సొమ్ము తీయడం కుదరదు కనుక ఖాళీ వారాలకు అది పనికిరాదు. దాని పక్కనే చిన్న మొత్తమైనా వెంటనే తీసుకోగల పొదుపు ఉండాలి. ఎంత అన్నదానికి కొలమానం రూపాయల్లో కాక వారాల్లో ఉండటం మేలు. రెండు వారాల బియ్యం, పాలు, మందులు, అద్దె.. అంతవరకు మొదటి మజిలీ. అది నిండాక నాలుగు వారాలు.

కిస్తీల విషయంలో సిరిసిల్ల ఇళ్లకు ఉన్న ప్రమాదం వేరు. ఆదాయంలో సగానికి మించి కిస్తీ ఉండరాదన్న నిబంధన ఉంది సరే, ఏ నెల ఆదాయంలో సగం? చీరల ఆర్డరు జోరుగా ఉన్న నెల 20 వేలు వచ్చాయని రాసుకుంటే పది వేల కిస్తీ కూడా నిబంధనకు లోబడినట్టే. సాంచాలు ఆగిన నెల ఆ పది వేలు ఎక్కడి నుంచి వస్తాయి? ఏడాది మొత్తం వచ్చింది కూడి పన్నెండుతో భాగించి, ఆ అంకెనే రుణ పత్రంలో రాయించాలి. ఎక్కువ అప్పు దొరుకుతుందని ఆదాయం పెంచి చెప్పుకోవడం తన మెడకు తానే ఉరి బిగించుకోవడమని శిక్షకులు దాపరికం లేకుండా చెప్పాలి.

చిట్టీల మోజు ఇక్కడా ఉంది. ముందుగా పాట పాడి ఎత్తుకున్నవాడు అప్పు తీసుకున్నట్టు, చివరిదాకా ఆగినవాడు పొదుపు చేసినట్టు. రిజిస్ట్రార్‌ వద్ద నమోదు కాని చిట్టీలో ఆగినవాడి పొదుపు నిర్వాహకుని మంచితనం మీదే ఆధారపడి ఉంటుంది.

సంఘం పుస్తకమే పాఠ్యపుస్తకం

కొత్తగా పాఠ్యపుస్తకాలు అచ్చువేయాల్సిన పని లేదు. ప్రతి గ్రామంలోనూ ఒకటి సిద్ధంగా ఉంది. మహిళా సంఘం పద్దుల పుస్తకం. నాబార్డు 1992లో ప్రారంభించిన సంఘాల-బ్యాంకుల అనుసంధానం, 2000లో మొదలైన వెలుగు, అనంతర కాలపు ఇందిరా క్రాంతి పథం, 2011లో ఏర్పడిన స్త్రీనిధి.. ఇన్నేళ్లలో సంఘాల చేతుల మీదుగా కోట్ల రూపాయలు నడిచాయి. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాపసు, పుస్తకాల నిర్వహణ అన్న పంచసూత్రాలు సభ్యులు కంఠతా చెబుతారు. కానీ అయిదో సూత్రం చాలాచోట్ల ఒక్కరి పనిగా మిగిలిపోయింది. పుస్తకం రాసే ఆమెకు తప్ప మిగతావారికి అందులో ఏముందో తెలియదు. బ్యాంకుకు కట్టమని ఇచ్చిన కిస్తీ కట్టారో లేదో తెలియదు. ఈ చీకట్లోనే నిధులు పక్కదారి పట్టే వీలుంటుంది.

దీనికి విరుగుడు పాతదే. నాటి కరీంనగర్‌ జిల్లాలో భాగమైన ముల్కనూరులో 1956లో ఏర్పడిన సహకార పరపతి, మార్కెటింగ్‌ సంఘం, 2002లో అదేచోట మొదలైన మహిళల పాడి సహకార సంఘం దేశవ్యాప్తంగా పేరొందాయి. సొమ్ము సభ్యులదే అయినప్పుడు లెక్క కూడా సభ్యులే అడుగుతారన్నది అక్కడి అనుభవం చెప్పే విషయం. సమావేశంలో ప్రతిసారీ ఒక్కో సభ్యురాలు లేచి గత నెల పద్దును బిగ్గరగా చదవడం, చదువు రాని సభ్యురాలు తన పొదుపు, తన అప్పు, తన వడ్డీ మూడు అంకెలు చెప్పగలగడం.. ఆరు నెలలు ఇలా సాగితే ఏ శిబిరం నేర్పనిది అబ్బుతుంది. బ్యాంకు నుంచి సంఘానికి మూడు లక్షల వరకు రుణం ఏడు శాతానికి వస్తుంటే, అంటే నూటికి అర్ధ రూపాయికి కాస్త పైన, సభ్యురాలి నుంచి రూపాయి వసూలు చేస్తున్నప్పుడు మిగిలింది ఎవరి ఖాతాకు చేరుతోందన్న ప్రశ్న అప్పుడు దానంతట అదే పుడుతుంది.

పాస్‌బుక్‌లో రెండు పద్దులు

ప్రతి ఇంట్లో పాస్‌బుక్‌ ముద్రించుకుని మే నెలాఖరు పద్దులు చూడటం మంచిది. 20 రూపాయలు కోత పడితే అది సురక్షా బీమా, ప్రమాద మరణానికి రెండు లక్షలు. 436 పడితే జీవన జ్యోతి, ఏ కారణంతో మరణించినా రెండు లక్షలు. ఏటా డబ్బులు కోత పడుతున్నా ఇంటివారికి తెలియకపోతే క్లెయిము చేసేవారే ఉండరు. ప్రమాద బీమాకు ఎఫ్‌ఐఆర్‌, పోస్టుమార్టం నివేదిక కావాలి. ఆ దుఃఖంలో కాగితాలు వదిలేసుకుంటే తర్వాత ఇబ్బందే. ఇక ఫోన్‌ ద్వారా సొమ్ము పోయినప్పుడు 1930కు మొదటి గంటలో ఫోన్‌ చేస్తే ఆ డబ్బును నిలిపివేయించే అవకాశం ఎక్కువ. మరుసటి రోజు బ్యాంకు తెరిచేదాకా ఆగకూడదు.

శిబిరం ఎప్పుడు పెడుతున్నారన్నది కూడా ముఖ్యమే. పగలు పదకొండు గంటలకు పెడితే బీడీల చాట వదిలి, సాంచా ఆపి, కలుపు మానుకుని ఎవరొస్తారు? ఆ పూట కూలి ఎవరిస్తారు? కోరుట్లలో బట్వాడా జరిగే రోజు కార్ఖానా వద్ద, సిరిసిల్లలో షిఫ్టు మారే వేళ, జగిత్యాల పల్లెల్లో పసుపు, వరి డబ్బు చేతికొచ్చే వారంలో బ్యాంకు సిబ్బంది ఒక నల్లబల్లతో వచ్చి నిలబడగలిగితే, ‘నూటికి ఎంత?’ అన్న ప్రశ్నకు బదులు చెప్పడానికి అరగంట చాలు.